ఎర్ర అక్షరాలు తిట్లు కావు

మన జావా ల్యాబ్‌లో అందరికంటే ఎక్కువ అవమానం పొందేది ఎవరో తెలుసా? ఎర్రర్ మెసేజ్. పాపం, అది తనకు తెలిసిందంతా చెబుతుంది. ఏ ఫైల్లో, ఎన్నో లైన్లో, ఏం కావాల్సి వచ్చింది, ఏం దొరికింది, అన్నీ రాసి పెడుతుంది. దాన్ని చదివే దిక్కే ఉండదు. కింద ఎర్ర అక్షరాలు కనపడగానే ‘మామా, ఎర్రర్ కొట్టింది’ అంటూ తల పక్క సిస్టమ్ వైపు తిరుగుతుంది. ఆ పక్కవాడూ చదవడు. ‘స్టాటిక్ పెట్టి చూడు’ అంటాడు. లేదా ‘ఆ లైను కామెంట్ చేసెయ్’ అంటాడు. అదీ కుదరకపోతే ‘నాది పెన్‌డ్రైవ్‌లో ఉంది, వేసుకో’ అంటాడు. ఎరుపు పోతుంది. అబ్జర్వేషన్ బుక్కులో సంతకం పడుతుంది. తప్పు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

దీన్ని ‘ఎర్రర్ ఫిక్స్ చెయ్యడం’ అంటున్నాం. నేనైతే ఎర్రర్ నోరు మూయించడం అంటాను. ఈ రెండింటికీ తేడా తెలియకుండానే సెకండియర్ దాటేస్తున్నాం, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు దాకా వెళ్లిపోతున్నాం. అక్కడ కొందరు ప్రాజెక్టు కొనుక్కుంటారు. కొందరు ‘కోడింగ్ మన వల్ల కాదులే’ అని తేల్చేసుకుంటారు. కొనుక్కునేవాళ్ల సంగతి పక్కన పెడదాం. ఈ రెండోవాళ్ల గురించే నా బాధంతా. ఎందుకంటే వాళ్లకు రానిది కోడింగ్ కాదు. కళ్ల ముందున్న నాలుగు లైన్లు చదివే అలవాటు ఎవరూ చెయ్యలేదు, అంతే. సమస్య చదవడానికి సంబంధించింది కాబట్టే ఈ వ్యాసం టెక్ ఫెస్ట్ బ్రోచర్‌కి కాకుండా మన తెలుగు పత్రికకి రాస్తున్నాను.

స్వింగ్‌తో డెస్క్‌టాప్ ఫామ్‌లు చేసేటప్పుడు కొత్తవాళ్లకు వచ్చే తప్పులు లెక్కకు వందలా కనిపిస్తాయి. నల్ పాయింటర్ అంటుంది, కన్‌స్ట్రక్టర్ కెనాట్ బి అప్లైడ్ అంటుంది, ఫామ్ ఖాళీగా వస్తుంది, బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. కానీ వీటిలో చాలా భాగం మూడు ప్రశ్నలు అడిగితే దొరికిపోతాయి. ఈ ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు దాని చేతికి ఏమిచ్చాం? అది ఎప్పుడు పుట్టింది? మొత్తం ఎన్ని పుట్టాయి? ‘కన్‌స్ట్రక్టర్ అంటే క్లాస్ పేరే ఉండి, రిటర్న్ టైప్ లేని ప్రత్యేకమైన మెథడ్’ అని వైవాలో గుక్కతిప్పుకోకుండా చెప్పేవాడు కూడా ఈ మూడూ అడగడు. ఆ డెఫినిషన్ తప్పని కాదు. అది కన్‌స్ట్రక్టర్ ఎలా కనపడుతుందో చెబుతుంది. ఎందుకు ఉందో చెప్పదు.

చేతికి ఏమిచ్చాం?

స్టూడెంట్ అనే క్లాస్ రాశాం. కన్‌స్ట్రక్టర్ ఏమీ రాయలేదు. అయినా న్యూ స్టూడెంట్() అంటే పనిచేసింది, ఎందుకంటే మనం ఏదీ రాయకపోతే కంపైలరే ఒక ఖాళీ కన్‌స్ట్రక్టర్ పెడుతుంది. రెండు రోజుల తర్వాత పేరు, రోల్ నంబరు తీసుకునే కన్‌స్ట్రక్టర్ ఒకటి చేర్చాం. అంతే, నిన్నటిదాకా పనిచేసిన లైను కింద ఎర్ర గీత. ‘నేను ఆ లైను ముట్టుకోనే లేదు, దానికేం రోగం?’ అనిపిస్తుంది. రోగం కాదు, నియమం. మన చేత్తో ఒక్క కన్‌స్ట్రక్టర్ రాసినా సరే, కంపైలర్ తన ఉచిత కన్‌స్ట్రక్టర్‌ని వెనక్కి తీసుకుంటుంది.

ఇప్పుడు ఆ మెసేజ్ చదవండి. రిక్వైర్డ్ అన్న చోట స్ట్రింగ్, ఇంట్ అని ఉంటుంది. ఫౌండ్ అన్న చోట నో ఆర్గ్యుమెంట్స్ అని ఉంటుంది. కారణం కూడా రాసే ఉంటుంది: రెండు జాబితాల పొడవూ కలవడం లేదని. తెలుగులో చెప్పుకుంటే, ‘పేరూ నంబరూ అడిగావు, ఖాళీ చేతులతో వచ్చావు’ అని. కిరాణా కొట్టు శెట్టిగారు కూడా ఇంతకంటే వివరంగా చెప్పరు.

దీన్ని సాధారణంగా ఎలా సరిచేస్తారు? పక్కన వెలిగే లైట్ బల్బు నొక్కుతారు. అదో ఖాళీ కన్‌స్ట్రక్టర్ తయారుచేసి పెడుతుంది. ఎరుపు పోయింది. ప్రోగ్రాం రన్ అయింది. ఫామ్ మీద ‘వెల్‌కమ్ నల్’ అని వచ్చింది. గమనించండి, తప్పు పోలేదు. కంపైల్ టైమ్ నుంచి రన్ టైమ్‌కి ఇల్లు మారింది. ముందు కంపైలర్ పట్టుకుంది, ఇప్పుడు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పట్టుకుంటారు. ఇక్కడ అడగాల్సింది ఏమిటంటే, రోల్ నంబరు లేని స్టూడెంట్ అసలు ఉండొచ్చా? ఉండకూడదు అనుకుంటే న్యూ అన్న చోటే ఆ రెండూ ఇవ్వాలి. ఉండొచ్చు అనుకుంటే ఖాళీ కన్‌స్ట్రక్టర్ మనమే, తెలిసి, రాయాలి. రెండూ సరైనవే. తెలియకుండా బల్బు నొక్కడం ఒక్కటే తప్పు.

మాట్లాడని తప్పులు ఇంకా ప్రమాదం. కన్‌స్ట్రక్టర్‌లోకి వచ్చిన పేరు కూడా నేమ్, క్లాస్‌లో ఉన్న ఫీల్డ్ కూడా నేమ్ అనుకోండి. లోపల నేమ్ = నేమ్ అని రాస్తే, వచ్చిన విలువను దానికే తిరిగి ఇచ్చినట్టు. ఫీల్డ్ నల్‌గానే మిగిలిపోతుంది. ఎడమ పక్క దిస్ అని చేర్చాలి, అంటే ‘నా సొంత నేమ్’ అని. కంపైలర్ ఇక్కడ ఎర్రర్ ఇవ్వదు, ఎందుకంటే వ్యాకరణం ప్రకారం వాక్యం కరెక్టే. అర్థమే లేదు.

ఇంకో మౌన దోషం వాయిడ్. కన్‌స్ట్రక్టర్ ముందు పొరపాటున వాయిడ్ అని రాస్తే అది మామూలు మెథడ్ అయిపోతుంది. ఎవరూ పిలవరు కాబట్టి ఎప్పటికీ రన్ కాదు. ఫామ్ తెల్లటి డబ్బాలా వస్తుంది. దీని వెనక చాలాసార్లు ఓ కథ ఉంటుంది. స్టూడెంట్‌ఫామ్ అన్న క్లాస్ పేరు మార్చి రిజిస్టర్‌ఫామ్ అని పెడతారు, లోపల కన్‌స్ట్రక్టర్ పేరు మార్చడం మర్చిపోతారు. అప్పుడు కంపైలర్ ‘ఇన్‌వాలిడ్ మెథడ్ డిక్లరేషన్, రిటర్న్ టైప్ రిక్వైర్డ్’ అంటుంది. మనవాడు బుద్ధిగా చెప్పింది చేస్తాడు, వాయిడ్ పెడతాడు. ఎరుపు పోయింది, దాంతోపాటు ఫామ్ కూడా పోయింది!

‘చూశావా, మెసేజ్ చదివినా లాభం లేదు’ అని మీరు అనొచ్చు. నిజమే, అక్షరానికి అక్షరం చదివితే చాలదు. కంపైలర్ అబద్ధం చెప్పలేదు. దాని కంటికి పేరు కలవని ఆ ముక్క మెథడ్‌లా కనపడింది, మెథడ్‌కి రిటర్న్ టైప్ ఉండాలి కదా అంది. అది కన్‌స్ట్రక్టర్ అని మన మనసులో ఉంది. మన మనసు దానికి తెలీదు. చదవడం అంటే, చెప్పినవాడు ఏం చూసి ఆ మాట అన్నాడో ఊహించడం కూడా. పద్యం చదివేటప్పుడు చేసే పని ఇదే కదా.

ఎప్పుడు పుట్టింది?

నల్ పాయింటర్ ఎక్సెప్షన్ పేరు వినగానే కొందరికి జ్వరం వస్తుంది. నల్ అంటే పెద్ద విషయం ఏమీ లేదు. డోర్ నంబరు ఉంది, ఇల్లు కట్టలేదు. టెక్స్ట్ ఫీల్డ్ అని పేరు ప్రకటించాం, న్యూ అని కట్టలేదు. ఉత్తరం తీసుకెళ్లిన పోస్ట్‌మ్యాన్ ఖాళీ స్థలం చూసి తిరిగి వస్తే ఎలా ఉంటుందో, అదే ఎక్సెప్షన్. ఈ నల్ అనే ఆలోచనను 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాష కోసం ప్రవేశపెట్టిన టోనీ హోర్, తర్వాత్తర్వాత దాన్ని తన వంద కోట్ల డాలర్ల పొరపాటుగా చెప్పుకున్నాడు. అంతటివాడే అలా అన్నాడంటే, అది మన స్క్రీన్ మీద కనపడినందుకు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నెట్‌బీన్స్‌లో జేఫ్రేమ్ ఫామ్ తీసుకుంటే కన్‌స్ట్రక్టర్‌లో ఒకే ఒక లైను ఉంటుంది, ఇనిట్‌కాంపొనెంట్స్() అని. మనం మౌస్‌తో లాగి పెట్టిన ప్రతి బటన్, ప్రతి లేబుల్, ప్రతి టెక్స్ట్ బాక్స్ నిజంగా పుట్టేది ఆ పిలుపు లోపలే. డిజైన్ ట్యాబ్‌లో బొమ్మ కనపడుతోంది కదా అని అవి ముందే ఉన్నాయనుకోవడం దగ్గరే చిక్కంతా. ఆ లైనుకి పైన లేబుల్‌కి పేరు పెట్టబోతే నల్. దాని కింద పెడితే సరి. ఒక్క లైను పైకీ కిందికీ తేడా.

ఇక రెండో కన్‌స్ట్రక్టర్ సంగతి. లాగిన్ ఫామ్ నుంచి హోమ్ ఫామ్‌కి యూజర్ పేరు పంపాలి. హోమ్ ఫామ్‌లో స్ట్రింగ్ తీసుకునే కొత్త కన్‌స్ట్రక్టర్ రాస్తారు. లోపల లేబుల్‌లో పేరు పెడతారు. రన్ చేస్తే నల్. ‘అదే ఫామ్, అదే లేబుల్, నిన్న వచ్చింది కదా!’ నిన్న పాత కన్‌స్ట్రక్టర్ నడిచింది, అందులో ఇనిట్‌కాంపొనెంట్స్ ఉంది. ఇవాళ నడిచింది కొత్తది, అందులో లేదు. ఒక ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు మనం పిలిచిన కన్‌స్ట్రక్టరే నడుస్తుంది, రెండోది దానంతటది నడవదు. కొత్తదాని మొదటి లైనుగా దిస్() అని రాస్తే అది పాతదాన్ని పిలుస్తుంది, ఆ తర్వాత మన పని. జావా 25లో ఈ ‘మొదటి లైనే కావాలి’ అన్న నిబంధనను కొంత సడలించారు గానీ, మన ల్యాబ్ సిస్టమ్‌ల మీద ఉన్న పాత వెర్షన్‌లకు పాత నిబంధనే.

నల్‌కి ఇంకో వేషం ఉంది. క్లాస్ పైన జేటెక్స్ట్‌ఫీల్డ్ నేమ్‌ఫీల్డ్ అని ప్రకటించి, కన్‌స్ట్రక్టర్‌లో మళ్లీ జేటెక్స్ట్‌ఫీల్డ్ నేమ్‌ఫీల్డ్ = న్యూ జేటెక్స్ట్‌ఫీల్డ్() అని రాస్తారు. ముందున్న ఆ టైప్ పేరు వల్ల ఇది అదే పేరున్న కొత్త లోకల్ వేరియబుల్ అయింది. స్క్రీన్ మీద బాక్స్ చక్కగా కనపడుతుంది, టైప్ కూడా చెయ్యొచ్చు. సబ్మిట్ నొక్కగానే నల్. కళ్ల ముందు కనపడేదాన్ని పట్టుకుని లేదు అంటోందేమిటి అని తల పట్టుకుంటారు. కనపడేది లోకల్ పేరుతో కట్టిన ఇల్లు. బటన్ వెళ్లి తలుపు కొట్టింది ఫీల్డ్ పేరున్న ఖాళీ స్థలంలో. టైప్ పేరు ఒక్కటి తీసేస్తే సమస్య పోతుంది.

ఇలాంటప్పుడు బటన్ ‘పనిచెయ్యట్లేదు’ అనిపిస్తుంది, కారణం ప్రోగ్రాం ఆగిపోదు కాబట్టి. బటన్ నొక్కినప్పుడు వచ్చిన ఎక్సెప్షన్ అవుట్‌పుట్ విండోలో పడుతుంది, ఫామ్ అలాగే నవ్వుతూ నిలబడి ఉంటుంది. కాబట్టి ఫామ్ వైపు కాదు, కింద చూడాలి. ఎర్ర లైన్లు బారెడు ఉంటాయి, భయపడకండి. చాలా భాగం స్వింగ్ లోపలి సొంత గొడవ. అన్నిటికంటే పైనున్న లైను ఏం జరిగిందో చెబుతుంది. దాని కింద మన ఫైల్ పేరు కనపడే మొదటి లైను ఎక్కడ జరిగిందో చెబుతుంది. ఈ రెండూ చాలు. జావా 15 నుంచి అయితే ‘దిస్.నేమ్‌ఫీల్డ్ నల్ కాబట్టి గెట్‌టెక్స్ట్‌ని పిలవలేను’ అని పేరు పెట్టి మరీ చెబుతుంది. ఇంకా ఎంత చెప్పాలి?

సమయం తెలియకపోవడం వల్ల వచ్చే తప్పులు ఇంకా రెండు. కన్‌స్ట్రక్టర్‌లోనే టెక్స్ట్ బాక్స్ నుంచి వయసు చదివి నంబరుగా మార్చబోతారు. నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్, ఇన్‌పుట్ స్ట్రింగ్ ఖాళీ. మరి కాదా? ఫామ్ పుడుతున్న క్షణంలో యూజర్ ఇంకా కీబోర్డ్ మీద చెయ్యే వెయ్యలేదు. పెళ్లిపందిరి వేస్తుండగానే ‘భోజనాలు ఎలా ఉన్నాయి’ అని అడిగినట్టు. ఆ చదివే పని బటన్ నొక్కినప్పుడు జరగాలి. రెండోది, చేత్తో రాసిన ఫామ్‌లో సెట్‌విజిబుల్ ముందు పిలిచి, తర్వాత బటన్లు యాడ్ చెయ్యడం. అవి కనపడవు, విండో మూల పట్టుకుని లాగితే హఠాత్తుగా ప్రత్యక్షమవుతాయి. దయ్యం కాదు. తెర లేచాక నటులు రంగస్థలం ఎక్కారు, అంతే. అన్నీ పెట్టి చివర్లో తెర లేపాలి.

ఎన్ని పుట్టాయి?

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన తప్పు ఇదే. లాగిన్ ఫామ్‌లో యూజర్ పేరు టైప్ చేశాడు. హోమ్ ఫామ్‌లో ఆ పేరు కావాలి. హోమ్ ఫామ్‌లో న్యూ లాగిన్‌ఫామ్() అని రాసి, దాని టెక్స్ట్ బాక్స్ నుంచి పేరు తీసుకోబోతారు. ఖాళీ వస్తుంది. ‘ఇప్పుడే కదా టైప్ చేసింది!’ టైప్ చేసింది ఆ లాగిన్ ఫామ్‌లో. ఇక్కడ న్యూ అని ఇంకోటి పుట్టించాం. ఇడ్లీ పెట్టిన ప్లేటు టేబుల్ మీద వదిలేసి, కౌంటర్ దగ్గర కొత్త ప్లేటు తీసుకుని ‘నా ఇడ్లీ ఏదీ’ అన్నట్టు. రెండూ ఒకే హోటల్ ప్లేట్లే. ఒకే అచ్చు. కానీ రెండు ప్లేట్లు.

ఈ ఒక్కటి బుర్రకెక్కితే క్లాస్‌కీ ఆబ్జెక్ట్‌కీ తేడా జీవితాంతం మర్చిపోరు. ఏ పాఠ్యపుస్తకం నిర్వచనమూ ఇంత గట్టిగా నేర్పదు. కానీ ఏం జరుగుతుంది? ‘స్టాటిక్ పెట్టు మామా’ అనే సలహా వస్తుంది. టెక్స్ట్ బాక్స్‌ని స్టాటిక్ చేస్తారు, లాగిన్‌ఫామ్ డాట్ అని నేరుగా అందుకుంటారు, పేరు వస్తుంది. నేర్చుకోవాల్సిన పాఠం అక్కడితో చచ్చిపోయింది. పైగా స్టాటిక్ అంటే అందరికీ కలిపి ఒకటే. అదే ఫామ్ రెండోసారి తెరిస్తే, ఆ బాక్స్ ఎక్కడ పుట్టిందన్న దాన్ని బట్టి, పాత విలువలు పలకరించొచ్చు. చేత్తో రాసిన ఫామ్‌లో అలాంటి ఒకే బాక్స్‌ని రెండు విండోల్లో యాడ్ చేస్తే ఇంకా తమాషా. స్వింగ్‌లో ఒక కాంపొనెంట్ ఒకేసారి ఒక్క చోటే ఉండగలదు. రెండో విండోలోకి రాగానే మొదటి విండోలో మాయమవుతుంది. సరైన దారి పైనే చెప్పుకున్నాం: హోమ్ ఫామ్ పుట్టేటప్పుడే కన్‌స్ట్రక్టర్ ద్వారా పేరు చేతికివ్వడం. నాలుగు అక్షరాలు ఎక్కువ టైప్ చెయ్యాలి, అంతే.

లెక్క తప్పితే ఎంత దూరం పోతుందో చూడాలంటే ఇది చూడండి. లాగిన్ ఫామ్‌లో ఫీల్డ్‌గా న్యూ హోమ్‌ఫామ్(), హోమ్ ఫామ్‌లో ఫీల్డ్‌గా న్యూ లాగిన్‌ఫామ్(). ఒకటి పుట్టాలంటే రెండోది పుట్టాలి, అది పుట్టాలంటే మళ్లీ మొదటిది. స్టాక్ ఓవర్‌ఫ్లో. ఎర్ర లైన్లలో ఆ రెండు పేర్లే ఒకదాని తర్వాత ఒకటి భజనలా వస్తుంటాయి. ఆ భజన చదివితే కారణం అందులోనే ఉంది.

చివరగా, రెండో విండో మూస్తే మొత్తం అప్లికేషనే పోతోందన్న ఫిర్యాదు. నెట్‌బీన్స్ ప్రతి కొత్త జేఫ్రేమ్ ఫామ్‌కీ ఎగ్జిట్ ఆన్ క్లోజ్ పెట్టి ఇస్తుంది. అంటే ఆ ఫామ్ మూస్తే మొత్తం దుకాణం మూసెయ్ అని. అనుబంధ ఫామ్‌లకు ప్రాపర్టీస్‌లో దాన్ని డిస్పోజ్‌గా మార్చాలి. దీనికి లాజిక్ ఏమీ లేదు, తెలిస్తే చాలు. ఇలాంటిదే ఇంకోటి: ఫ్రెండ్ దగ్గర్నుంచి జావా ఫైల్ ఒక్కటే తెచ్చుకుంటే డిజైన్ ట్యాబ్ రాదు, అదే పేరుతో పక్కనుండే ఫామ్ ఫైల్ కూడా రావాలి. వీటికోసం గంటలు పోగొట్టుకోకండి.

‘అయినా ఇప్పుడు స్వింగ్ ఎవడు వాడుతున్నాడు?’

ఈ ప్రశ్న ఖాయంగా వస్తుంది. స్వింగ్ 1998లో జావా 1.2తో వచ్చింది. మనలో చాలామంది కంటే పెద్దది. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు స్ప్రింగ్ అంటాయి, ఆండ్రాయిడ్ అంటాయి. ఒప్పుకుంటాను. కానీ స్ప్రింగ్‌లో కన్‌స్ట్రక్టర్ ఇంజెక్షన్ అని గొప్పగా చెప్పేది ఏమిటి? ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడే దానికి కావాల్సినవి చేతికివ్వమని. మన మొదటి ప్రశ్నే. ఆండ్రాయిడ్‌లో సెట్‌కంటెంట్‌వ్యూకి ముందే ఫైండ్‌వ్యూబైఐడీ పిలిస్తే నల్ వస్తుంది. ఇనిట్‌కాంపొనెంట్స్ కథే, పాత్రల పేర్లు మారాయి. ఇక ముసలిదని తీసిపారేసే ఆ స్వింగ్ మీదే ఇంటెలిజే ఐడియా నడుస్తోంది, దాని మీద కట్టిన ఆండ్రాయిడ్ స్టూడియో నడుస్తోంది. స్వింగ్ నేర్చుకోవడం ఉద్యోగం కోసం కాదు. పుట్టుక, సమయం, లెక్క అనే మూడు విషయాలు కంటికి కనపడే కిటికీ అది. తప్పు చేస్తే స్క్రీన్ మీదే తెలిసిపోతుంది.

‘ఏఐని అడిగితే క్షణంలో చెప్పేస్తుంది కదా’ అనేది రెండో మాట. చెబుతుంది, చాలాసార్లు కరెక్టుగానే చెబుతుంది. ఎర్రర్ కాపీ చేసి అందులో వెయ్యడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఒక్క షరతు. వేసే ముందు ఆ ఎర్రర్ ఏమంటోందో మీరొక వాక్యంలో చెప్పుకోండి. తర్వాత దాని జవాబుతో పోల్చుకోండి. అప్పుడది మాస్టారు. లేకపోతే పాత పెన్‌డ్రైవే, కాస్త మర్యాదగా మాట్లాడుతుంది, అంతే తేడా.

మూడోది ఎవరూ పైకి అనరు, లోపల అనుకుంటారు. ‘నాది తెలుగు మీడియం, ఆ ఇంగ్లిష్ నాకు అర్థం కాదు.’ ఈ మాటతో నాకు పేచీ ఉంది. ఎర్రర్ మెసేజ్‌లలో షేక్‌స్పియర్ ఏమీ లేడు. అవే పదాలు, అవే పది పదిహేను రకాల వాక్యాలు తిరిగి తిరిగి వస్తాయి. రిక్వైర్డ్ అంటే కావాల్సింది, ఫౌండ్ అంటే దొరికింది, కెనాట్ ఫైండ్ సింబల్ అంటే ఈ పేరుతో నాకెవరూ తెలీదు. పదో తరగతి దాకా తెలుగులో చదివినవాళ్లకు వ్యాకరణం బాగా తెలుసు. కర్త ఎవరు, కర్మ ఏది, క్రియ ఏది అని వాక్యాన్ని విడదీయడం వచ్చు. ఎర్రర్ మెసేజ్‌కి కావాల్సిన నైపుణ్యం అదే. లోపం మీడియంలో లేదు. ‘నీకు అర్థం కాదులే’ అని వాళ్ల చేతిలోంచి కీబోర్డ్ లాక్కునే మన అలవాటులో ఉంది.

మరి ఏం చెయ్యాలి?

ల్యాబ్‌లో మార్పు రావాలి. ఎర్ర అక్షరాలు లేని అవుట్‌పుట్‌కి మార్కులు వేస్తే, ఎర్ర అక్షరాలు ఎలాగోలా పోగొట్టే విద్యే పెరుగుతుంది. అది పిల్లల తప్పు కాదు. ఒక్కొక్క బ్యాచ్‌లో అంతమంది ఉంటే ఫ్యాకల్టీ ఒక్కొక్కరి దగ్గర కూర్చోలేరు, అదీ నిజమే. నేను అడిగేది ఎక్కువ సమయం కాదు, వేరే ప్రశ్న. వైవాలో ‘కన్‌స్ట్రక్టర్ డిఫైన్ చెయ్యి’ అనే బదులు, వాళ్ల కోడ్‌లోనే ఇనిట్‌కాంపొనెంట్స్ లైను మీద వేలు పెట్టి ‘ఇది తీసేస్తే ఏమవుతుంది?’ అని అడగండి సార్. పట్టే సమయం అంతే. కాపీ కొట్టినవాడూ, రాసినవాడూ అక్కడే విడిపోతారు. ల్యాబ్ పరీక్షలో ఒక ప్రోగ్రాం చెడగొట్టి ఇవ్వండి. బాగుచెయ్యమనకండి, ఎందుకు చెడిందో చెప్పమనండి. జవాబు తెలుగులో చెప్పినా మార్కులు వెయ్యండి.

మన వైపు నుంచి కూడా ఒక పని ఉంది. రికార్డులో ఎలాగూ ఎయిమ్, ప్రోగ్రాం, అవుట్‌పుట్ అని రాస్తున్నాం. ప్రతి ప్రోగ్రాం చివర ఇంకో పేజీ పెట్టుకుందాం. వచ్చిన ఎర్రర్ ఏమిటి, దానికి మన మాటల్లో తెలుగు అర్థం ఏమిటి, మూడు ప్రశ్నల్లో ఏది అడగనందుకు వచ్చింది. సెమిస్టర్ అయ్యేసరికి అది మార్కెట్లో దొరికే ఏ గైడుకన్నా విలువైనది అవుతుంది, ఎందుకంటే అందులో ఉన్నవి మన ప్రోగ్రాంకి వచ్చినవే. ఆ పేజీలు పోగుచేసి జూనియర్లకు అందించే పని మన తెలుగు క్లబ్ తీసుకోవాలని నా కోరిక. కవితలూ కథలూ వేసుకుంటున్నాం, బాగుంది. ఈ కాలేజీలో తెలుగు ఎవరికైనా రేపు ఉదయం పది గంటలకు పనికొచ్చే చోటు ఒకటుంటే, అది ల్యాబే.

మనం ఫామ్‌లు చేసుకునే నెట్‌బీన్స్‌ని కూడా ఏ పెద్ద కంపెనీయో మొదలుపెట్టలేదు. 1996లో ప్రాగ్‌లోని చార్లెస్ యూనివర్సిటీలో క్సెల్ఫీ అనే పేరుతో అదొక స్టూడెంట్ ప్రాజెక్టు. 1999లో సన్ కంపెనీ కొనుక్కుంది. ఆ పిల్లలకు నల్ పాయింటర్లు రాలేదనుకుంటున్నారా? వచ్చే ఉంటాయి. చదివి ఉంటారు.

రేపు ల్యాబ్‌లో ఎర్ర అక్షరాలు కనపడితే పక్కకు తిరిగే ముందు ఒక్క నిమిషం ఆగండి. పై లైను చదవండి. మన ఫైల్ పేరున్న లైను వెతకండి. అది ఏమంటోందో తెలుగులో, పైకి, ఒక్క వాక్యంలో చెప్పండి. అప్పటికీ అర్థం కాకపోతే నిరభ్యంతరంగా పక్కవాణ్ని అడగండి. ‘మామా, ఎర్రర్ కొట్టింది’ అని మాత్రం కాదు. ‘మామా, హోమ్ ఫామ్‌లో లేబుల్ ఇంకా పుట్టలేదంటోంది, ఎందుకంటావ్?’ అని. ఆ ప్రశ్న అడగగలిగారంటే సగం ఫిక్స్ చేసేసినట్టే.